ప్రెసిడెంటుగారి పరామర్శ

"ఏవండోయ్, ప్రెసిడెంటుగారే స్వయంగా వచ్చారు!" భార్య పొంగిపోతూ తలగడ ఎత్తు చేసింది.

ఆయన సోదర సంఘం గుమ్మానికి ముప్ఫై ఏళ్ళు కాపలా కాసిన మనిషి. ఏనుగొచ్చినా రహస్య మాట చెప్పందే లోపలికి వదల్లేదని కోతలు కోసేవాడు. ఇప్పుడు కొన్నాళ్ళుగా మంచం మీద మాటా పలుకూ లేకుండా పడి ఉన్నాడు.

జబ్బుపడ్డ సభ్యుణ్ణి పలకరించడానికి సంఘంలో ఒక వరస ఉంది. ముందు సెక్రటరీ వస్తాడు. ముదిరితే వైస్ ప్రెసిడెంటు. డాక్టర్లు చేతులెత్తేశాకే ప్రెసిడెంటు గడప తొక్కుతాడు. అది పెళ్ళానికైనా చెప్పకూడదని సభ్యులందరూ ఒట్టు వేసుకున్నారు.

"మీకింత పరపతి ఉందని నాకు చెప్పనేలేదే!" అంటూ ఆవిడ కాఫీకి పరుగెత్తింది.

ప్రెసిడెంటు కుర్చీలో కూలబడ్డాడు. "బావా, నిన్న డాక్టరు..."

"నిన్ను చూడగానే తెలిసిందిలే. కళ్ళు తుడుచుకో. ముప్ఫై ఏళ్ళకి ఇవాళ మా ఆవిడ నన్ను చూసి మురిసింది. ఈ పూటకి మురవనీ."

ఆవిడ కాఫీ అందించింది. "అన్నయ్యగారూ, మీరొచ్చాక ఆయన మాట్లాడుతున్నారు. వచ్చేవారం కూడా రండి."

ప్రెసిడెంటు కాఫీ కప్పు మీదికి తల వంచేశాడు.

"వస్తాడే," అన్నాడు కాపలా మనిషి. "ఈసారి సంఘమంతా వస్తుంది."

"అమ్మో, అంతమందికి మనింట్లో కప్పులెక్కడివండీ!" అని ఆవిడ మనసారా నవ్వింది.