గట్టుకి ఇవతల

"చూసి నడవండి సార్, నారు తొక్కేస్తున్నారు!"

ఆ గదమాయింపుకి వ్యవసాయాధికారి ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకున్నాడు. సాయం కోసం ఎదురుచూసేవాళ్ళు తన ముందు చేతులు కట్టుకుని నిలబడటమే ఆయనకి అలవాటు. ఈవిడేమో కొడవలి ఊపుకుంటూ ముందు నడుస్తోంది.

మహమ్మారి రోజుల్లో మార్కెట్లు మూతపడ్డా, పొలం బీడు పెట్టకుండా పంట నిలబెట్టి నష్టపోయిన రైతులకే ప్రభుత్వ సాయం. పక్కవాడి పంటని తనదని చూపించి చెవిలో పువ్వు పెట్టబోయిన ఘనులు ఆయనకి ఈ మధ్యే తగిలారు. అందుకని కళ్ళతో చూసినా ఓ పట్టాన నమ్మడం మానేశాడు.

ఇంటి పక్కనుంచి వెళ్తుంటే లోపల ఎవరో దగ్గారు.

"మెల్లగా మాట్లాడండి. ఆసుపత్రి నుంచి వచ్చినా ఆయాసం ఇంకా తగ్గలేదు" అందామె గొంతు తగ్గించి.

అత్తగారు కాబోలు అనుకున్నాడాయన.

"ఈ క్యాబేజీ చూడండి సార్. ఒక్క పురుగు చూపించండి, చెవి కోసుకుంటా!"

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, సూటిగానే అడుగుతాను. ఇదంతా నిజంగా మీరే పండించారా?"

ఆమె కొడవలి కింద పడేసి రెండు చేతులూ ఆయన మొహం ముందు చాచింది. అరచేతులు కాయలు కాసి ఉన్నాయి.

"ఇవి అరువు తెచ్చుకున్నవి కావు సార్."

ఆయనకి నవ్వొచ్చింది. "మరి అమ్మకాలు?"

"తోపుడు బండి మీద వీధులన్నీ తిరిగా. గుమ్మం ముందు కూరలు పెట్టడం, తలుపు కొట్టి పరిగెత్తడం! సగం ధర కూడా రాలేదు. అయినా పంట చేలో ఉండగా కళ్ళప్పగించి కూర్చుంటామా? మట్టికేం తెలుసు సార్, మన రోగాలూ రొష్టులూ!"

"ఈ సాయం రాకపోతే?"

ఆమె మొహంలో నవ్వు మాయమైంది. "ఈ ఇంట్లో విత్తనాలు కొనే దారి లేదు. ఆసుపత్రే అంతా ఊడ్చేసింది."

గట్టుకి అవతల పొలంలో మోకాటి ఎత్తు కలుపు పెరిగి ఉంది. అధికారి మొహం చిట్లించాడు.

"అదెవరిది?"

"ఉందిలెండి, ఒక మొండిఘటం. ఈ ఇంటికీ ఆ ఇంటికీ గట్టు తగాదా. ఏళ్ళ తరబడి మాటల్లేవు."

"బీడు పెట్టి కూర్చుంది కదా, ఆవిడకి దమ్మిడీ రాదు."

"అడిగితేగా!" అని తల ఎగరేసింది.

ఆయన మరోసారి పొలమంతా కలయజూశాడు. కలుపన్నది లేదు. ఇన్నాళ్ళుగా సణుక్కుంటూ చేస్తున్న ఉద్యోగం మీద ఆయనకి మొదటిసారి గౌరవం కలిగింది.

"మీలాంటి వాళ్ళుండబట్టే ఆ రోజుల్లో మేం నాలుగు మెతుకులు తిన్నాం. సాయం మంజూరు చేస్తున్నాను. సంతకం పెట్టండమ్మా" అంటూ పెన్ను అందించాడు.

ఆమె కళ్ళు మెరిశాయి. పెన్ను మాత్రం అందుకోలేదు.

"నేనెందుకండీ? పొలం గలావిడ లోపలుంది."

"అయితే పిలవండి."

ఆమె కొడవలి తీసుకుని, గట్టు వైపు తిరిగింది.

"మీరే పిలవండి సార్, మాకు మాటల్లేవు."