గంప పట్టని డిక్కీ

"హైబ్రిడ్ కారన్నా ఇది. సగం దూరం బ్యాటరీ మీదే పోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజనే ఆగిపోతుంది. ఇంత తక్కువ పెట్రోలు తాగే బండికి గ్యాసు పెట్టమంటావేంది?" అన్నాడు మెకానిక్ బెన్హర్, ఎత్తిన బానెట్ కింద నుంచి తల బయటికి పెట్టి.

"పెట్టమంటే పెట్టు," అన్నాడు టాక్సీ పెంచల్.

"సరే, నీ ఇష్టం. గుండ్రం ట్యాంకు తెప్పిస్తా. స్టెప్నీ గుంటలో కుదురుగా కూర్చుంటుంది. డిక్కీ డిక్కీ మాదిరే ఉంటుంది."

"గుండ్రంది వద్దు. పొడుగుది పెట్టు, డిక్కీలో అడ్డంగా."

"మళ్ళా డిక్కీలో ఇంకేం పట్టదన్నా."

"నాకు కావాల్సిందీ అదే."

బెన్హర్ బానెట్ దించేశాడు. ఇరవై ఏళ్ళుగా నెల్లూరులో షెడ్డు నడుపుతున్నాడు. కాస్త చోటు మిగల్చమని బతిమాలినవాళ్ళను చూశాడుగానీ, ఉన్న చోటు తగలేయమని అడిగినవాణ్ణి ఇదే చూడటం.

పెంచల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా అత్త," అన్నాడు.

అత్త పేరమ్మది మైపాడులో ఎండు చేపల వ్యాపారం. రోజూ పొద్దున్నే రెండు గంపల నెత్తళ్ళు అల్లుడి డిక్కీలో పెట్టి, తాను మాత్రం బస్సెక్కి నెల్లూరు వచ్చి, మార్కెట్ దగ్గర దించుకుంటుంది. బస్సు కండక్టరు ఆమెను ఎక్కించుకుంటాడుగానీ గంపల్ని ఎక్కించుకోడు. గంపలైతే మార్కెట్లో దిగిపోతాయి. వాసన మాత్రం దిగదు, పొద్దుగూకేదాకా కార్లోనే షికారు చేస్తుంది.

"మెర్లిన్ మేడమ్ తెలుసు గదా, కాలేజీలో పాఠాలు చెప్తుందే, ఆమే. రోజూ మైపాడు నుంచి నా కార్లోనే వస్తుంది. నెలంతా నాకుండే ఖాయం బేరం అదొక్కటే. నిన్న ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, 'పెంచల్ గారూ, మీరు చాలా మంచివాళ్ళు. సెలవులయ్యాక సోమవారం కూడా ఈ వాసనే ఉంటే నేను వేరే కారు చూసుకుంటాను' అనేసింది."

"ఆ మాటే మీ అత్తతో చెప్పొచ్చు గదన్నా."

పెంచల్ అతనివైపు జాలిగా చూశాడు. పెంచల్‌కు తుఫానంటే భయం లేదు, ట్రాఫిక్ పోలీసంటే భయం లేదు. అత్తకు కాదని చెప్పాలంటే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. పీతల కూర వండితే మొదటి గిన్నె కన్నకూతురిక్కాదు, అల్లుడికని చెప్పి పంపే మనిషి. అలాంటి మనిషితో నీ గంపలు కంపు కొడుతున్నాయని ఏ నోటితో అంటాడు?

"నేను చెప్పను. ఆ ట్యాంకే చెప్తుంది," అన్నాడు.

బెన్హర్ కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక అడిగాడు. "మరి బేరానికొచ్చినోళ్ళ సూట్‌కేసులు యాడ పెడతావు?"

ఇది పెంచల్ ఆలోచించని సంగతి. కాసేపు తల గోక్కున్నాడు.

"పైన క్యారియర్ బిగించెయ్."

"ఎంతది?"

"బిగించేది ఎట్లాగూ బిగిస్తావు గదా. ఉన్నదాంట్లో పెద్దది పెట్టు."

ఆ పని అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. గ్యాసు సంగతి బండి కాగితాల్లోకీ ఎక్కింది. ఆదివారం పెంచల్ డిక్కీని ఫినాయిలుతో రెండుసార్లు కడిగాడు. అంతటితో ఆగక అద్దం ముందు నిలబడి విచారంగా ముఖం పెట్టడం కూడా సాధన చేశాడు.

సోమవారం పొద్దున మెర్లిన్ మేడమ్ వెనక సీట్లో కూర్చుంది. ముందు భయంభయంగా కొంచెం గాలి పీల్చింది. తర్వాత గుండెల నిండా పీల్చి, రుమాలు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

"ఈ రోజు హాయిగా ఉంది పెంచల్ గారూ."

పెంచల్‌కు ప్రాణం లేచొచ్చింది. అంతలో వీధి మలుపులో పేరమ్మ కనబడింది, నెత్తిన ఒక గంప, చంకన ఒక గంప. పెంచల్ ఎదురెళ్ళి చంకలో గంప అందుకుని, తానే డిక్కీ తెరిచి చూపించాడు.

"ఏం చెయ్యమంటావత్తా. గ్యాసు పెట్టిస్తే చోటంతా ఇదే మింగేసింది. ఈ మెకానిక్కులకు బుద్ధి ఉండదు," అన్నాడు, సాధన చేసిన ముఖంతో.

పేరమ్మ నెత్తిన గంప కిందికి దించింది. ట్యాంకును ఒకసారి తట్టి చూసింది. దించిన గంప పక్కన ఎండలో అలా నిలబడిపోయింది. ఇంకో నిమిషం ఆమె అలాగే ఉంటే పెంచల్ ట్యాంకు పీకించేసేవాడేమో.

అప్పుడామె తలెత్తింది. కారు పైన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొత్త క్యారియర్ తళతళలాడుతోంది. పేరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కింద చోటు పోయిందని నా కోసం పైన ఇంత చోటు చేయించినావా నాయనా. కన్నకొడుకన్నా ఇంత ఆలోచన చెయ్యడు."

పెంచల్ నోరు తెరిచాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

పేరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, క్యారియర్ పొడుగూ వెడల్పూ కళ్ళతోనే కొలుచుకుంది.

"ఇంక ఇసకలో కూర్చుని కాకుల్ని తోలే బాధ కూడా తప్పింది అల్లుడూ. నువ్వెటూ పొద్దస్తమానం ఎండలోనే గదా తిరిగేది, రేపట్నుంచి పచ్చి చేపలే పైన పరిచేస్తా, నువ్వు ఇంటికొచ్చేలోపల ఎండిపోతాయి."