మూడో ఈల

ఆదివారం ఉదయం ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు నీలం జట్టు కెప్టెన్ పరుగెత్తాడు. రిఫరీ ఈల వేశాడు. కెప్టెన్ ఆగలేదు.

అది నడక ఫుట్‌బాల్. అరవై దాటినవాళ్ళ ఆట. ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలి. రెండూ లేస్తే అది పరుగు కింద లెక్క, ఈల పడుతుంది. ఒకే ఆటలో మూడు ఈలలు పడ్డవాడు బయటికి పోవాలి. ఆ రోజు ఫైనల్. కెప్టెన్ మీద అప్పటికే రెండు ఈలలున్నాయి.

రిఫరీ రిటైరైన బస్ కండక్టర్. ముప్పై ఏళ్ళు ఈల వేసి బస్సులు ఆపాడు. ఫైనల్‌కు బయటి మనిషి ఉండాలని ఆయన్ను పిలిపించారు. రెండు జట్లలోనూ ఎవరూ ఆయనకు తెలియదు.

ఆట ఏడూ పదికి మొదలైంది. ఏడూ పన్నెండుకి మొదటి ఫిర్యాదు వచ్చింది.

"సార్, ఆయన పరుగెత్తుతున్నారు," అన్నాడు నీలం కెప్టెన్. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లెక్కల మాస్టారు. తలంతా నెరిసింది.

ఆయన వేలు చూపించింది ఎర్ర జట్టులోని దర్జీ వైపు. దర్జీ జుట్టుకీ మీసానికీ నల్లరంగు ఉంది.

"నేను పరుగెత్తడమా? మా వీధిలో నత్తలు నన్ను దాటిపోతాయి," అన్నాడు దర్జీ.

"ఎడమ మోకాలు చూడండి సార్. పరుగెత్తితేనే అలా వంకర పోతుంది."

"చూశారా రిఫరీగారూ! వాడికి నిక్కరు కుట్టిందే నేను. నాకే రూల్సు చెబుతున్నాడు!"

రెండు జట్లూ నవ్వాయి. రిఫరీ నవ్వలేదు. దర్జీకి ఈల వేశాడు. తర్వాత ఎర్ర జట్టు గోల్‌కీపర్ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాడు.

"వీళ్ళిద్దరికీ పడదా?"

"ఇవాళ్టి గొడవా సార్ ఇది? అరవై ఒక్కేళ్ళది. మీరు మధ్యలో దూరకండి."

ఇరవై నిమిషాలయ్యేసరికి దర్జీ మీద రెండు ఈలలు, కెప్టెన్ మీద రెండు. కెప్టెన్‌కు మొదటి ఈల పడింది ఫిర్యాదు చేయడానికి రిఫరీ దగ్గరికి పరుగున వచ్చినందుకు. చెరో గోల్.

విరామంలో కెప్టెన్ ఎర్ర జట్టు బెంచీ దగ్గరికి వచ్చాడు.

"ఈ ఇరవై నిమిషాలూ మీరు కూర్చుంటే మంచిది," అన్నాడు దర్జీతో.

"భయమేసిందా?"

"మూడో ఈల పడితే మీవాళ్ళు ఐదుగురే మిగులుతారు."

"నీకు పడితే?"

"నాకు పడదు. నా కాళ్ళు నా మాట వింటాయి."

కెప్టెన్ వెళ్ళాక దర్జీ రిఫరీ వైపు తిరిగాడు. "రెండేళ్ళుగా కప్పు వాళ్ళదేనండీ. గదిలో అలమర మీద పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుస్తాడు. చూడలేక చస్తున్నాను. ఈసారి అది నాకు కావాలి. వచ్చే ఏడాది ఈ మోకాలు ఆడనిస్తుందో లేదో."

ఏడూ యాభై రెండుకి బంతి కెప్టెన్ కాళ్ళ దగ్గర ఉంది. ఎర్ర గోల్‌కీపర్ చాలా ముందుకొచ్చి పక్కన చిక్కుకుపోయాడు. గోల్ ఐదడుగుల్లో ఉంది. మధ్యలో దర్జీ ఒక్కడే. దర్జీ కాలు చాపాడు. ఎడమ మోకాలు మడత పడింది. కింద పడ్డాడు.

కెప్టెన్ నాలుగడుగులు నడిచి బంతిని తోస్తే చాలు, కప్పు నీలం వాళ్ళదే. కెప్టెన్ బంతిని అక్కడే వదిలేసి దర్జీ వైపు పరుగెత్తాడు.

రిఫరీ ఈల వేస్తూనే వెనక వెళ్ళాడు. కొట్లాట అవుతుందనుకున్నాడు.

"పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను! వింటారా? ఒక్క మాటైనా వింటారా?" అని కెప్టెన్ అరుస్తున్నాడు.

"అరవకు. నిక్కరు చిరిగింది, అంతే. కుట్టుకుంటాను," అన్నాడు దర్జీ కింద నుంచే. "ఖాళీ గోల్ పెట్టుకుని బంతి వదిలేశావేం? బుద్ధుందా?"

"మూడో ఈల," అన్నాడు రిఫరీ కెప్టెన్‌తో. "బయటికి."

కెప్టెన్ ఈసారి నడిచే వెళ్ళాడు.

దర్జీ లేచి రెండుసార్లు మోకాలు వంచి చూసుకున్నాడు. ఆ ఈలతో ఎర్ర జట్టుకు దొరికిన బంతిని తనే ముందుకు అందించాడు. పక్కవాడు తీసుకెళ్ళి గోల్ చేశాడు. ఏడూ యాభై ఐదుకి ఆట ముగిసింది. రెండు, ఒకటి.

కప్పు చేతికి రాగానే దర్జీ దాన్ని నీలం బెంచీ వైపు ఎత్తి చూపించాడు.

"రేపటి నుంచి తుడిచేది నేను!"

కెప్టెన్ ట్రాక్ ప్యాంటు వేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

రిఫరీ బల్ల దగ్గర కూర్చుని నివేదిక రాశాడు. నీలం కెప్టెన్, 7.52, పరుగు, మూడో ఈల. కారణం అన్నచోట "ప్రత్యర్థితో గొడవకు" అని రాశాడు.

ఒక పని మిగిలింది. ఆటలో ఎవరు పడినా ఇంటికి కబురు చెప్పి గానీ పంపకూడదని ఆ మైదానం నియమం. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంది. రిఫరీ దర్జీ కార్డు తీశాడు. కబురు చెప్పవలసిన వ్యక్తి: కొడుకు. కింద ఒక నంబరు.

"మీ అబ్బాయికి ఫోన్ చేస్తున్నాను," అన్నాడు.

"ఎందుకండీ? వాడొట్టి కంగారు మనిషి."

"రూలు రూలే."

"అయితే చేయండి. రూల్సంటే వాడికీ మహా ఇష్టం."

రిఫరీ నంబరు నొక్కాడు.

నీలం కెప్టెన్ జేబులో ఫోన్ మోగింది.