కాటా మీద సూర్యకళ

“గాజులు కూడా తియ్యి,” అన్నాడు గంగరాజు.

సూర్యకళ ఒక కాలు కాటా మీద పెట్టి ఆగిపోయింది. మెడలో నాను ఇందాకే తీయించాడు. లేచిన దగ్గర్నుంచి మంచినీళ్లు కూడా తాగనివ్వలేదు. గాజులు తీస్తే ఏపాటి తేడా వస్తుందని అడగబోయి, భర్త మొహం చూసి మానుకుంది. చేతికొక్కటి ఉంచుకుని మిగతావి కిటికీలో పెట్టి కాటా ఎక్కింది.

గంగరాజు వంగి అంకె చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“పోయిన వారం ఇంతే కదా?”

“ఇంతేనండి.”

“దిగి మళ్లీ ఎక్కు.”

మళ్లీ ఎక్కినా అదే అంకె. ఇలా అయితే కొంప మునిగినట్టేనని గొణుక్కుంటూ ఆయన వీధిలోకి వెళ్లిపోయాడు. సూర్యకళ ఒక్కో గాజూ తిరిగి వేసుకుంది.

ఈ మనిషి ఇలాంటివాడు కాదు. నిరుడు ఆమె డెంగ్యూతో చావు తప్పి ఇంటికొచ్చినప్పుడు కంటికి రెప్పలా చూసుకున్నాడు. దగ్గరుండి కొరమేను పులుసు వండించాడు. తాపేశ్వరం నుంచి కాజాలు తెప్పించాడు. వద్దంటే అలిగి మరీ తినిపించాడు. చీరకు కుచ్చిళ్లు తక్కువ వస్తున్నాయని ఆమె సిగ్గుపడితే, పిట్టలా అయిపోయిన మనిషివి, ఇప్పుడే కళ వచ్చిందని మురిసిపోయాడు. అలాంటిది, ఒకరోజు పొద్దున్నే పేపర్లో ధరల పేజీ చదువుతూ చదువుతూ తలెత్తి ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. బాగా ఒళ్లు చేశావన్నాడు. సాయంత్రానికి కాటా కొనుక్కొచ్చాడు.

అప్పట్నుంచి తెల్లవారుతూనే కాలవ గట్టు మీద నడక. ఆమె ఆయాసపడితే, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ముందు నడిచేవాడు. రాత్రి రెండు పుల్కాలు. కాజాల డబ్బా పక్కింటికి పోయింది.

ఈ వారం కూడా కాటా కదలకపోయేసరికి, మర్నాడు ఆమెను రాజమండ్రిలో హారతి అనే డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లాడు. శ్రావణం లోపల ఎంత తగ్గించగలరని కూర్చోకముందే అడిగాడు.

“పెరిగేటప్పుడు తొందరపెట్టలేదు కదండీ, తగ్గేటప్పుడు ఎందుకు?” అంది హారతి.

ఆమె ఓపిగ్గానే చెప్పింది. మొదట్లో చకచకా తగ్గేదాంట్లో చాలావరకు నీరేనట. ఆ తర్వాత నెమ్మదిస్తుందట. కొన్ని వారాలు కాటా అసలు కదలకపోవచ్చు, అంతమాత్రాన చేసిందంతా వృథా కాదు. కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఇన్ని కిలోలని ఎవరైనా గడువు పెట్టి చెబితే నమ్మొద్దంది. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, నిద్ర బాగా పడుతోందా, జాకెట్టు వదులైందా అన్నవి చూసుకోమంది.

జాకెట్టు నిజంగానే వదులైందని సూర్యకళ సంతోషంగా చెప్పబోయింది.

“జాకెట్టు వదులైతే నాకేం లాభమండి? బరువు తగ్గాలి గానీ,” అన్నాడు గంగరాజు.

హారతి సూర్యకళ వైపు జాలిగా చూసింది. ఆ చూపుకి ఆమె తల ఎత్తలేకపోయింది. పాతికేళ్లు కాపురం చేసిన మనిషికి ఇప్పుడు తన ఒళ్లు ఎందుకు బరువైందో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగు రోజుల తర్వాత అర్థమైందనుకుంది. మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, గడ్డిమేటు అవతల గంగరాజు ఫోన్ మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది పొలాల బేరాలు కుదిర్చే బుల్లియ్య.

“కాలవ పక్క ఎకరం బేరం పెట్టెయ్యండి బుల్లియ్య గారూ. మాటిచ్చేశాను, తప్పితే నాకు పుట్టగతులుండవు. మా ఆవిడకి మాత్రం తెలియకూడదు.”

తడి చీర ఆమె చేతిలోంచి మట్టిలోకి జారింది. ఎవరికి మాటిచ్చాడు? తనకు తెలియకుండా ఎకరం ఎవరికోసం? ఈమధ్య ఆయన ఫోన్లో ఏదో చూసుకుని నిట్టూర్చడం, తను రాగానే తిప్పి బల్లమీద పెట్టడం గుర్తొచ్చాయి. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం వేసింది. అడగలేదు. తను మునుపటిలా సన్నబడితే ఆ మనిషి ఆగిపోతాడని గట్టిగా అనుకుంది.

ఆ పూట నుంచి అన్నం మానేసింది. ఆయన ఎదురుగా కంచంలో కలిపి, ఆయన లేచాక గేదె కుడితిలో పోసేది. నడక రెండుపూటలా చేసింది. కళ్లు తిరిగితే గట్టు మీద తాడిచెట్టు పట్టుకుని నిలబడి, మళ్లీ నడిచేది. తర్వాతి వారం కాటా ఎక్కేసరికి అంకె ఒక్కసారిగా పడిపోయింది. గంగరాజు మొహం వెలిగింది. ఆ వెలుగు చూస్తూనే ఆమె కాటా మీంచి పక్కకి ఒరిగిపోయింది.

కళ్లు తెరిచేసరికి రాజమండ్రి ఆసుపత్రిలో ఉంది. చేతికి సెలైన్. గుమ్మం దగ్గర డాక్టరు గంగరాజును నిలబెట్టి చీవాట్లు పెడుతున్నాడు. తిండి లేకే ఇలా అయిందని, మనిషిని చంపుకుంటారా అని అడుగుతున్నాడు. డాక్టరు వెళ్లాక వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఎందుకు మానేశావే అన్నం?”

“సన్నబడితే ఆగుతారనుకున్నానండి.” సూర్యకళ మొహం గోడవైపు తిప్పుకుంది. “ఆ ఎకరం ఎవరికిస్తున్నారు? ఆవిడ సన్నగా ఉంటుందా?”

“ఏ ఆవిడే?”

“మీరు మాటిచ్చిన ఆవిడ.”

గంగరాజు స్టూలు మీద కూలబడ్డాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“నిరుడు ఐసీయూ బయట నిలబడి, నువ్వు బతికితే వచ్చే శ్రావణంలో నీ బరువంత వెండి ఇస్తానని వెంకన్నకు మొక్కానే.”