ముందే చుట్టిన సున్నాలు

“రాసుకోమ్మా, మా వారికి సిగరెట్ వాసనే గిట్టదు,” అంది కౌసల్యమ్మగారు. ఆవిడ వెనక బాత్‌రూమ్ కిటికీలోంచి పొగ మెల్లగా బయటికొస్తోంది.

“మరి ఆ పొగ?”

“ఆవిరి. వేన్నీళ్ళు పోసుకుంటున్నారు.”

నాచారం కాలనీలో ఇది తొమ్మిదో ఇల్లు. అన్నిట్లోనూ ఇదే అబద్ధం. ఎవరెవరు ఎంత పొగ తాగుతారో అడిగి రాయడం పెళ్ళయ్యాక నాకొచ్చిన మొదటి ఉద్యోగం. ఇలాంటి లెక్క పట్టుకెళ్తే నన్ను ఉంచుతారా? ఏడుపొచ్చింది.

పెరట్లో అంట్లు తోముతున్న పనిమనిషి రాములమ్మ పకపకా నవ్వింది. “నన్నడుగు బిడ్డా. నేనేం దాసుకోను. దినాం కట్ట బీడీలు గావాలె నాకు.”

ఒక్క నిజమైనా దొరికిందని సంబరంగా కొత్త ఫారం తీశాను. ఆడవాళ్ళ గడిలో అప్పటికే సున్నా ఉంది.

రాములమ్మ తొంగి చూసింది. “అగో, నేను జెప్పకముందే రాసినవా?”

“అది... ఇంటి దగ్గరే రాసేశాం.”

నిన్న సాయంత్రం మా ఆయనా నేనూ ఒకే కుర్చీలో ఇరుక్కుని, పని తేలికవుతుందని, నవ్వుకుంటూ నలభై ఫారాల్లోనూ ఆ గడిలో సున్నాలు చుట్టేశాం. ఆడవాళ్ళు తాగుతారని మాకు తోచనే లేదు.

“గీ అమ్మలు అడిగితె అబద్ధం జెప్పిన్రు. నువ్వైతే అడగనే లేదు గద బిడ్డా,” అంది రాములమ్మ.

సున్నా కొట్టేసి, కట్ట బీడీలని రాశాను. తర్వాత కౌసల్యమ్మగారి వైపు తిరిగాను.

“మరి మీరు తాగుతారా అండీ?”

ఆవిడ బాత్‌రూమ్ కిటికీ వైపు ఓసారి చూసి, నా దగ్గరకు జరిగి గొంతు తగ్గించింది.