పట్టుకున్నదెవరు?

"కంప్యూటర్‌కి పెట్టిన ఆ డిస్కు పీకి ఇచ్చేయండి. స్టూడియోలో ఫొటోల కోసం కూర్చున్నారు," అంది ఫొటోగ్రాఫర్‌గా పనిచేసే భార్య, స్కూటర్ తాళం కోసం సోఫా దిండ్లన్నీ ఎత్తి చూస్తూ.

"పీకితే ఫొటోలు పాడవుతాయి. వాడుకలో ఉందంటోంది కంప్యూటర్," అన్నాడు భర్త. ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆయనే. తాను లేకపోతే ఆఫీసు మూతపడుతుందని ఆయన గట్టి నమ్మకం.

ముందు భార్య తెరిచిన ఆల్బమ్ మూశాడు. తర్వాత ఆ డిస్కులోంచే కూతురు చూస్తున్న బొమ్మల సినిమా ఆపాడు. కూతురు కయ్యిమంది. ఆపైన వైరస్‌లు వెతికే ప్రోగ్రామ్‌ను నాలుగు తిట్టి దాని నోరూ మూయించాడు. అయినా కంప్యూటర్ డిస్కును వదల్లేదు.

"ఈ ఇంట్లో పట్టుకున్నవాళ్లు ఏదీ వదలరు!" అని విసుక్కున్నాడు. "ఏ డిస్కును ఎవరు పట్టుకున్నారో సిస్టమ్ దగ్గర లెక్క ఉంటుంది. అందరూ వదిలితేనే అది వదులుతుంది."

"లెక్క ఉంటే దాన్నే అడగొచ్చుగా?"

ఆ ముక్క తనకు తట్టలేదని ఒప్పుకోకుండా, గొంతు సవరించుకుని, కమాండ్లు కొట్టే నల్ల విండోలో అడిగాడు.

పట్టుకున్నది ఆ నల్ల విండోయే. పొద్దున దాంట్లోంచి డిస్కులోని ఫోల్డర్‌లోకి వెళ్లి, బయటికి రావడం ఆయనే మరిచిపోయాడు. ఇంతసేపూ గుమ్మానికి తానే అడ్డంగా కూర్చుని, అందరినీ దారి వదలమని అరిచాడన్నమాట.

"ఎవరట?"

"ఎవరో... తెలివిగలవాడు," అని గొణిగి, విండో మూసి, డిస్కు తీసి చేతికిచ్చాడు.

"సరే, నా తాళం ఎవరు తీశారు మరి?"

పాపే తీసి ఉంటుందని నోటిదాకా వచ్చింది. ఆగి, ముందు తన జేబు తడుముకున్నాడు.

గలగలమంది.