పొడి అట్టముక్క

"మళ్లీ పొడే!" నిన్నటి నుంచి కారు కింద పరిచి ఉంచిన అట్టముక్కని లాగి మెకానిక్ మొహం ముందు ఆడించాడు ఇంటాయన. "వారం తిరక్కుండా బ్రేక్ ఆయిల్ సగానికి పడిపోతోంది. కారు అన్నాక కారి చావాలి కదయ్యా! ఇది కారదు, తాగుతోంది."

మెకానిక్ నాలుగు చక్రాల వెనకా మూడోసారి తడిమి, పొడివేళ్లు చూపించాడు. "ఎక్కడా చుక్క లేదు సార్."

"రేపు పాపని ఎక్కించుకుని కొండ దిగాలయ్యా నేను!"

ఇంతలో ఆయన భార్య తడిగుడ్డతో వచ్చి డ్రైవర్ వైపు తలుపు తీసింది. "జరగండి, మ్యాట్ తుడవాలి. మీ బూట్ల జిడ్డుతో చస్తున్నా."

"మొదలెట్టావూ? నెల్రోజులుగా ఇదే సణుగుడు! బండికి బ్రేకుల్లేవని నేనేడుస్తుంటే నీ నోటికీ లేకుండా పోయాయి."

మెకానిక్ చటుక్కున లేచాడు. "రోజూ తుడుస్తారా అమ్మా?"

"రోజూ పొద్దున్నే. సబ్బుతో రుద్దినా మర్నాటికి మళ్లీ జిడ్డే."

అతను లోపలికి వంగి బ్రేక్ పెడల్ పైభాగం తడిమాడు. వేళ్లు తళతళా మెరిశాయి.

"పెడల్‌ని ఆనుకుని ఉండే మాస్టర్ సిలిండర్ వెనక నుంచి ఆయిల్ లోపలికి, మ్యాట్ మీదికి కారుతోంది సార్. మీరు కింద వెతుకుతున్నారు, అమ్మగారు పైన తుడిచేస్తున్నారు."

ఇంటాయన కాలెత్తి బూటు అడుగు చూసుకున్నాడు. నూనె వాసన. అట్టముక్కని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టాడు.

"ఒసేయ్," అన్నాడు గొంతు తగ్గించి, "ఈ నెల్లో ఇంకా ఏమేం సణిగావో ఓసారి మళ్లీ చెప్పు."